పేస్‌మేకర్ చేసినాయన బయోమెడికల్ చదవలేదు

మొన్నామధ్య ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున బాబాయ్ నుంచి ఫోనొస్తే మామూలుగా రెండే కారణాలుంటాయి. ఎవరికో పెళ్ళి కుదిరి ఉండాలి, లేదా ఎవరికో ఒంట్లో బాలేక ఉండాలి. ఈసారి రెండూ కాదు.

"ఏరా, చిన్నది బయోమెడికల్ తీసుకుంటానంటోంది. ఇంకో వారంలో వెబ్ ఆప్షన్లు పెట్టాలి. మీ పిన్ని కంప్యూటర్సే పెట్టమంటోంది. నువ్వు చదివిందేగా, దానికి ఉద్యోగాలున్నాయా లేవా ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను చదివింది నిజంగా బయోమెడికల్ ఇంజనీరింగే. 2018లో పట్టా చేతికొచ్చింది. అప్పట్నుంచీ చేస్తున్నది మాత్రం ఒక బీమా కంపెనీ వాళ్ళ కోసం జావా కోడు రాయడం. ఉద్యోగాలున్నాయి అంటే "మరి నువ్వెందుకు చెయ్యట్లేదురా?" అంటాడు. లేవు అంటే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

ఇలా నేను నసుగుతుంటే చెల్లాయి ఫోన్ లాక్కుంది. "అన్నయ్యా, నాయనమ్మకి పెట్టిన డబ్బా ఉంది కదా, దాన్ని కనిపెట్టింది డాక్టరా ఇంజనీరా?"

మా నాయనమ్మకి రెండేళ్ళ క్రితం పేస్‌మేకర్ పెట్టారు. భుజం ఎముక కింద చర్మం లోపల చిన్న ఉబ్బులా కనిపిస్తుంది. ఆవిడ దాన్ని "నా డబ్బా" అంటుంది. నాలుగేళ్ళు ఆ కోర్సు చదివి కూడా ఆ పదిహేడేళ్ళ పిల్ల అడిగినదానికి నాకు సగమే తెలుసు. మిగతా సగం కోసం ఈ వారమంతా రాత్రిళ్ళు కూర్చుని చదివాను. చదివాక అర్థమయిందేమిటంటే, బాబాయ్ ప్రశ్నకి సమాధానం చెల్లాయి ప్రశ్నలోనే ఉంది. అందుకే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

మొదట ఈసీజీ సంగతి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ ఐంథోవెన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. గుండె పుట్టించే అతి చిన్న విద్యుత్తుని కొలవడానికి ఆయన 1900ల తొలి ఏళ్ళలో స్ట్రింగ్ గాల్వనోమీటర్ తయారు చేశాడు. దాని బరువు దాదాపు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టుకుని కూర్చునేవాడు. అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళలేరు, మంచాన పడ్డ రోగిని ప్రయోగశాలకి తీసుకురాలేరు. అందుకని ఆయన ఆసుపత్రి నుంచి ప్రయోగశాల దాకా, దాదాపు కిలోమీటరున్నర దూరం, టెలిఫోన్ తీగ మీద సిగ్నల్ తెప్పించుకున్నాడు. మనవాళ్ళు ఇప్పుడు టెలిమెడిసిన్ అని గొప్పగా చెప్పుకుంటున్నది 1905 నాటి ముచ్చటన్నమాట. 1924లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన వైద్యం చదివినవాడు. కావలసిన యంత్రం ఎవరూ అమ్మకపోతే తనే ఇంజనీరయ్యాడు.

ఇక పేస్‌మేకర్. 1949లో అమెరికాలోని మినియాపోలిస్‌లో ఎర్ల్ బాకెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరూ, ఆయన బావమరిదీ కలిసి ఒక గ్యారేజిలో ఆసుపత్రి పరికరాలు బాగుచేసే షాపు పెట్టారు. మొదటి నెల సంపాదన ఎనిమిది డాలర్లు. ఆ ఊళ్ళోనే విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో వాల్టన్ లిల్లిహై అనే సర్జన్ పసిపిల్లలకి గుండె ఆపరేషన్లు చేసేవాడు. ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లల గుండె లయ తప్పేది. వాళ్ళని కొన్నాళ్ళు పేస్‌మేకర్ మీద ఉంచాలి. అప్పటి పేస్‌మేకర్ అంటే బండి మీద తోసుకుంటూ తిప్పే పెట్టె, గోడలోని ప్లగ్గుకి తగిలించాలి. పిల్లాణ్ణి పక్క గదికి తీసుకెళ్ళాలన్నా వైరు ఎంత పొడవుంటే అంతదూరమే.

1957 అక్టోబర్ 31న ఆ ఊళ్ళో కరెంటు పోయింది. మనకి కరెంటు పోవడం అంటే ఒక విసనకర్ర వెతుక్కోవడం. అక్కడ ఆ రోజు ఒక పసిబిడ్డ చనిపోయింది. లిల్లిహై వెళ్ళి బాకెన్‌ని అడిగాడు, బ్యాటరీతో నడిచేది ఏదైనా చెయ్యగలవా అని. బాకెన్‌కి ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో చూసిన మెట్రోనోమ్ సర్క్యూట్ గుర్తొచ్చింది. సంగీతం నేర్చుకునేవాళ్ళకి తాళం చూపించే టిక్కు టిక్కు పెట్టె. గుండెకి కావలసిందీ తాళమే కదా! నాలుగు వారాల్లో రెండు ట్రాన్సిస్టర్లతో, చొక్కా మీద కట్టుకోగలిగేంత చిన్న పెట్టె తయారయింది. జంతువుల మీద పరీక్షించడానికని ఇచ్చి వచ్చాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్తే అది ఒక చిన్నపిల్లకి పెట్టి ఉంది. ఆ గ్యారేజి షాపు పేరు మెడ్‌ట్రానిక్. ఇవాళ ప్రపంచంలోని అతిపెద్ద వైద్య పరికరాల కంపెనీల్లో ఒకటి. హైదరాబాద్‌లో కూడా వాళ్ళ పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది.

ఇది ఒంటి బయట కట్టుకునేది. నాయనమ్మకి ఉన్నట్టు లోపల పెట్టేది ఎలా వచ్చిందన్నది ఇంకో కథ. విల్సన్ గ్రేట్‌బాచ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీర్ కార్నెల్‌లో చదువుకునే రోజుల్లో, ఒక జంతు పరిశోధన కేంద్రంలో చిన్న ఉద్యోగం చేసేవాడు. అక్కడ మధ్యాహ్నం తిండి తింటూ ఇద్దరు సర్జన్లు చెబుతుంటే గుండెలో విద్యుత్తు ఆగిపోయే జబ్బు గురించి విన్నాడు. వినడం వరకే. తర్వాత కొన్నేళ్ళకి, బఫలోలో గుండె చప్పుళ్ళు రికార్డు చేసే సర్క్యూట్ కడుతూ, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాల్సిన చోట పొరపాటున ఒక మెగా ఓమ్‌ది పెట్టాడు. సర్క్యూట్ ఒక్క క్షణం కొట్టి, ఒక సెకను ఆగి, మళ్ళీ కొట్టింది. మనమైతే "తప్పు పెట్టాను" అని పీకేసేవాళ్ళం. ఆయనకి ఆ పాత కబుర్లు గుర్తొచ్చాయి. 1958 మేలో విలియం చార్డాక్ అనే సర్జన్‌తో కలిసి కుక్క మీద పరీక్షించాడు. తర్వాత ఉద్యోగం మానేసి, చేతిలో ఉన్న రెండు వేల డాలర్లతో ఇంటి వెనక కొట్టంలో చేత్తో యాభై పేస్‌మేకర్లు కట్టాడు. 1960లో మనుషులకి పెట్టడం మొదలైంది.

ఈలోగా 1958 అక్టోబర్‌లో స్వీడన్‌లో రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసినదాన్ని సర్జన్ ఓకె సెన్నింగ్, ఆర్నె లార్షన్ అనే రోగికి అమర్చాడు. ప్రపంచంలో లోపల పెట్టిన మొదటి పేస్‌మేకర్ అదే. కొన్ని గంటలే పనిచేసింది. ఇంకోటి పెట్టారు. అలా మారుస్తూ పోతే లార్షన్ 2001 దాకా బతికాడు, 86 ఏళ్ళు! తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్ కన్నా, పెట్టిన సెన్నింగ్ కన్నా ఎక్కువ కాలం.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఇంకొక్కాయన్ని చెప్పకుండా ఉండలేను. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. బీటిల్స్ పాటల రికార్డులు అమ్మిన ఈఎంఐ కంపెనీలోనే కంప్యూటర్ల మీద పనిచేసేవాడు. విశ్వవిద్యాలయం పట్టా లేదు, డిప్లొమానే. బ్రిటన్‌లో పూర్తిగా ట్రాన్సిస్టర్లతో చేసిన తొలి కంప్యూటర్ల బృందానికి నాయకుడు. ఒక వస్తువు చుట్టూ అన్ని కోణాల్లోంచీ ఎక్స్‌రే కొలతలు తీసుకుంటే, లోపల ఏముందో లెక్క కట్టి బొమ్మ గీయొచ్చు అన్నది ఆయన ఆలోచన. అంటే అసలు పని ఎక్స్‌రే గొట్టానిది కాదు, లెక్కది. 1971 అక్టోబర్ 1న లండన్ దగ్గర ఒక ఆసుపత్రిలో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. 1979లో అలన్ కోర్మాక్‌తో కలిసి నోబెల్ వచ్చింది. కోర్మాక్ భౌతికశాస్త్రం మనిషి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక వైద్య ప్రొఫెసర్, ఇద్దరు ఎలక్ట్రికల్ ఇంజనీర్లు, డాక్టరు చదువు చదివి పరికరాలు చేసిన ఎల్మ్‌క్విస్ట్, ఒక కంప్యూటర్ల మనిషి, ఒక భౌతికశాస్త్రవేత్త. వీళ్ళలో ఒక్కరు కూడా బయోమెడికల్ ఇంజనీరింగ్ చదవలేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. తమ పని తమకి బాగా వచ్చు, పక్కన ఒక డాక్టర్ ఉన్నాడు, ఆ డాక్టర్‌కి ఒక ఇబ్బంది ఉంది.

మరి డిగ్రీ ఎప్పుడొచ్చింది? అమెరికాలో 1960ల్లో జాన్స్ హాప్కిన్స్, పెన్సిల్వేనియా లాంటి విశ్వవిద్యాలయాలు ప్రభుత్వ పరిశోధన నిధులతో పైచదువుల స్థాయిలో మొదలుపెట్టాయి. 1968లో బయోమెడికల్ ఇంజనీర్ల సంఘం పుట్టింది. డ్యూక్ విశ్వవిద్యాలయం డిగ్రీ కోర్సుకి గుర్తింపు వచ్చింది 1972లో. అంటే పేస్‌మేకర్ మనుషుల్లో పడి పద్నాలుగేళ్ళయ్యాక. ముందు పరికరం, తర్వాత కంపెనీ, ఆ తర్వాత డిగ్రీ.

ఆసుపత్రుల్లో ఇంజనీర్ల ఉద్యోగాలు ఎలా పెరిగాయన్నది ఇంకా విచిత్రం. 1971లో వినియోగదారుల ఉద్యమ నాయకుడు రాల్ఫ్ నాడర్ ఒక మహిళా పత్రికలో వ్యాసం రాశాడు. అమెరికా ఆసుపత్రుల్లో ఏటా కనీసం 1,200 మంది పరికరాల నుంచి కరెంటు షాక్ తగిలి చనిపోతున్నారని. ఆ అంకె ఎప్పుడూ రుజువు కాలేదు. కానీ భయం మాత్రం నిజంగానే పుట్టింది. ప్రతి పరికరాన్నీ పరీక్షించే మనుషులు కావలసి వచ్చారు. క్లినికల్ ఇంజనీర్ అనే ఉద్యోగం ఆ ఊపులో నిలదొక్కుకుంది.

ఇక డబ్బు. ఎలక్ట్రికల్ కనెక్టర్లు చేసే ఏఎంపీ కంపెనీ స్థాపకుడు విటేకర్ 1975లో చనిపోయాక, ఆయన ఆస్తితో పెట్టిన ఫౌండేషన్ ఈ ఒక్క రంగం మీదే 70 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. కాలేజీల్లో విభాగాలు తెరిపించింది, భవనాలు కట్టించింది. ఉన్నదంతా ఖర్చుపెట్టి మూసేయాలని ముందే నిర్ణయించుకుని 2006లో మూసేసింది. ఇవాళ అమెరికాలో ఇన్ని బయోమెడికల్ విభాగాలు ఉన్నాయంటే అందులో ఆ దాత చెయ్యి చాలా ఉంది. ఉద్యోగాల గిరాకీ ఒక్కటే కాదు.

ఏమాటకామాటే, గిరాకీ సంగతి కూడా చూద్దాం. అమెరికా కార్మిక గణాంకాల శాఖ, 2010 నుంచి పదేళ్ళలో బయోమెడికల్ ఇంజనీర్ల ఉద్యోగాలు 62 శాతం పెరుగుతాయని అంచనా వేసింది. ఇక చూస్కోండి, అన్ని పత్రికల్లోనూ భవిష్యత్తంతా ఈ కోర్సుదే అని రాతలు. మా కాలేజీ మొదటి రోజు ప్రసంగంలో కూడా ఆ 62 శాతం వినిపించింది. దేనిమీద 62 శాతం అని మాలో ఎవరూ అడగలేదు. 2010లో ఉన్న ఉద్యోగాలు 15,700. అంటే అంచనా పూర్తిగా నిజమైనా, అంత పెద్ద దేశంలో, పదేళ్ళలో పెరిగేవి పదివేల లోపు. తీరా 2020 వచ్చేసరికి అదే శాఖ లెక్కలో మొత్తం ఉద్యోగాలు 20 వేలు కూడా లేవు. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ డెవలపర్లు పదిహేను లక్షలకు పైనే. నిజమే, బయోమెడికల్ చదివినవాళ్ళు చాలామంది వేరే పేర్లున్న ఉద్యోగాల్లో ఉంటారు, క్వాలిటీ అనీ రెగ్యులేటరీ అనీ. అయినా శాతం చెప్పి అంకె దాచడం అంటే మన అప్రైజల్‌లో జరిగేదే. తక్కువ జీతం మీద ఎంత శాతం హైక్ ఇస్తే ఏం లాభం చెప్పండి.

ఇప్పుడు మనదేశానికొద్దాం. ఇక్కడి కథ కూడా మొదలవడం అలాగే మొదలైంది. డాక్టర్ ఎం.ఎస్. వలియతాన్ అనే గుండె సర్జన్ 1970ల్లో విదేశాల నుంచి తిరువనంతపురం వచ్చి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థని నిలబెట్టాడు. గుండె కవాటాలు దిగుమతి చేసుకోవాల్సిందే, పేద రోగులు కొనలేరు. మనమే చేద్దామన్నాడు. రాజకుటుంబం ఇచ్చిన పాత ప్యాలెస్‌లో ఇంజనీర్లని కూర్చోబెట్టాడు. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే ఏడాదికి మూడున్నర కోట్ల సార్లకు పైన. అన్నిసార్లూ ఆ కవాటం తెరుచుకుని మూసుకోవాలి. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది, లోహపు చట్రంలో ప్రత్యేకమైన ప్లాస్టిక్ బిళ్ళ ఉన్నది, నిలబడింది. 1990 డిసెంబర్‌లో మొదటి రోగికి అమర్చారు. తర్వాత దాన్ని తయారుచేసింది మనందరికీ కుక్కర్లతో తెలిసిన టీటీకే వాళ్ళు. లక్ష మందికి పైగా రోగుల గుండెల్లో పనిచేసింది. వలియతాన్ గారు 2024లో చనిపోయారు. మన పేపర్లలో చిన్న వార్తగా వచ్చింది.

మన హైదరాబాద్‌లో జరిగింది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. క్షిపణుల ప్రయోగశాలలో ఉన్న అబ్దుల్ కలాం గారూ, గుండె డాక్టర్ సోమరాజు గారూ కలిసి 1990ల్లో స్టెంట్ చేయించారు. కలాం-రాజు స్టెంట్ అని పేరు. ఇంకోటి, నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టర్ ఆ ప్రయోగశాల చూడ్డానికొచ్చి, క్షిపణికి వాడే పదార్థం ఎంత తేలిగ్గా ఉందో చేత్తో పట్టుకుని చూశాడు. పోలియో పిల్లలు మూడేసి కిలోల ఇనప కాలిపర్స్ ఈడ్చుకుంటూ నడుస్తున్నారు, వాళ్ళకి పనికొస్తుందేమో అన్నాడు. కొద్ది వారాల్లో 300 గ్రాములవి తయారయ్యాయి. తను చేసిన పనులన్నింట్లో ఆ పిల్లల్ని చూసినప్పటి ఆనందమే వేరని కలాం గారు చాలా సభల్లో చెప్పారు. ఇక్కడ కూడా చూడండి, అదే లెక్క. పదార్థం తెలిసిన ఇంజనీరు, పక్కన ఇబ్బంది తెలిసిన డాక్టరు.

తేడా ఎక్కడొచ్చిందంటే ఆ తర్వాత. అక్కడ ముందు కంపెనీలు వచ్చి, తర్వాత డిగ్రీ వచ్చింది. ఇక్కడ కంపెనీలు సరిగ్గా రాకముందే డిగ్రీ వచ్చేసింది. మనం వాడే వైద్య పరికరాల్లో 70 నుంచి 80 శాతం దిగుమతులే అని ప్రభుత్వ అంచనాలే చెబుతూ వచ్చాయి. వస్తువు బయట తయారైతే, దాన్ని డిజైన్ చేసే ఉద్యోగం కూడా బయటే ఉంటుంది. ఇక్కడ మిగిలేది అమ్మకం, అమర్చడం, రిపేరు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఉస్మానియాలో, ఇంకొన్ని కాలేజీల్లో ఈ కోర్సు ఉంది, సీట్లున్నాయి, కాబట్టి ఉద్యోగాలుంటాయి అనుకున్నాం.

రిపేరు తక్కువ పనేమీ కాదు, ఆ ముక్క చెప్పే ముందుకెళ్తాను. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం నేనూ నా స్నేహితుడూ రెండు నెలలు ఒక సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం. స్టోర్ గదిలో పాత దుప్పటి కప్పిన పేషెంట్ మానిటర్లు మూడు ఉండేవి. బయట వార్డులో నర్సులేమో మానిటర్లు చాలక, ఉన్నదాన్నే ఈ మంచం నుంచి ఆ మంచానికి మారుస్తున్నారు. ఒకరోజు ఊరుకోలేక ఒకటి విప్పి చూశాం. ఫ్యూజు పోయింది, అంతే. బజార్లో టీ ఖర్చంత కూడా కాదు. వేశాం, వెలిగింది. నర్సమ్మ సంతోషపడి మాకు టీ తెప్పించింది. సాయంత్రానికి పైనుంచి చీవాట్లు పడ్డాయి, కాంట్రాక్టు కంపెనీ మనుషులు తప్ప ఎవరూ మూత తియ్యకూడదట. రూలు రూలే, కాదనను. కానీ ఆ మానిటర్ వెలిగిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. జావాలో ఏడేళ్ళుగా ఎన్ని ప్రొడక్షన్ బగ్గులు కొట్టానో, ఒక్కటీ అలా గుర్తులేదు.

తర్వాత తెలిసింది, అది ఆ ఒక్క ఆసుపత్రి కథ కాదని. కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతా సర్కారు ఆసుపత్రుల పరికరాలు లెక్క వేయిస్తే, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచెయ్యట్లేదని తేలింది. ఆ లెక్క తర్వాతే 2015లో పరికరాల నిర్వహణకి జాతీయ స్థాయిలో ఒక కార్యక్రమం పెట్టారు. ఏడున్నర లక్షల పరికరాలు లెక్కకొచ్చిన దేశంలో బయోమెడికల్ ఇంజనీర్‌కి పనిలేదంటే నేను ఒప్పుకోను. పని ఉంది. దానికిచ్చే జీతం సంగతే వేరు. నాకు ఒక డీలర్ దగ్గర సర్వీస్ ఇంజనీర్‌గా ఆఫర్ వచ్చింది, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫరూ వచ్చింది. రెండోది మొదటిదానికి రెట్టింపు. ఇంట్లో చదువు అప్పు ఉంది. ఏం చేశానో మీకు తెలుసు.

అయితే నేను బయటికొచ్చాక పరిస్థితి కొంత మారిన మాట నిజం. 2017లో వైద్య పరికరాలకి విడిగా నియమావళి వచ్చింది, 2018 జనవరి నుంచి అమలైంది. 2017లోనే స్టెంట్ల ధరకి పరిమితి పెట్టారు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో పరికరాల పార్కు, విశాఖలో 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ వచ్చాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు వెంటిలేటర్ అనే మాట పల్లెటూళ్ళ దాకా వెళ్ళింది. అదే ఏడాది గేట్ పరీక్షలో బయోమెడికల్‌కి మొదటిసారి విడిగా పేపరు పెట్టారు. మా బ్యాచ్ వాళ్ళకి ఆ భాగ్యం లేదు. 2023లో జాతీయ వైద్య పరికరాల విధానం వచ్చింది. అంటే ఇక్కడ డిగ్రీ ముందొచ్చింది, కంపెనీలు ఇప్పుడొస్తున్నాయి. చెల్లాయి బ్యాచ్ బయటికొచ్చేసరికి నాకున్నవాటికన్నా తలుపులు ఎక్కువే ఉంటాయి. ఎంత ఎక్కువో చెప్పడానికి నేను జోస్యుణ్ణి కాదు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇందులో ఏం సంబంధం అంటారేమో. థెరాక్-25 గురించి విన్నారా? కాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే కెనడా యంత్రం. పాత మోడళ్ళలో ప్రమాదం జరక్కుండా ఆపే విడి సర్క్యూట్లు ఉండేవి. ఇందులో అవి తీసేసి సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్నారు. పాత మోడళ్ళ కోడు కూడా కొంత ఇందులోకి తెచ్చారు. 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి మోతాదుకి మించి రేడియేషన్ తగిలింది, వాళ్ళలో కొందరు చనిపోయారు. ఒక బగ్గు ఏమిటంటే, ఆపరేటర్ తప్పుగా కొట్టిన అక్షరాన్ని చాలా వేగంగా దిద్దితే, తెర మీద మారేది గానీ లోపల యంత్రం మారేది కాదు. రేస్ కండిషన్! చేతికి అలవాటై వేగం పెరిగిన ఆపరేటర్ దగ్గరే బయటపడింది. మన దగ్గర రేస్ కండిషన్ వస్తే ఒక టికెట్, ఒక రాత్రి కాల్, మహా అయితే మేనేజర్ మొహం. ఇప్పుడు వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కి ఐఈసీ 62304 అని 2006లో వచ్చిన ప్రమాణం ఉంది. దాన్ని అర్థం చేసుకుని కోడు రాసేవాళ్ళు నాకు తెలిసిన సర్కిల్లో చాలా తక్కువ. సగం డాక్టర్ల భాష, సగం మన భాష తెలిసినవాళ్ళు కావాలి.

సరే, చివరికి చెల్లాయికి చెప్పింది ఇది.

డాక్టర్ సీటు రాలేదు కాబట్టి సగం డాక్టర్ అవుదామని ఈ కోర్సు తీసుకోవద్దు. ఇది ఇంజనీరింగే, రోగిని ముట్టుకునే పని కాదు. శాతాలు చూసి తీసుకోవద్దు, అంకెలు అడుగు. కాలేజీ చూసేటప్పుడు భవనం కాదు, పక్కన ఆసుపత్రి ఉందా, పిల్లల్ని లోపలికి రానిస్తారా, ల్యాబులో యంత్రాల మూత తియ్యనిస్తారా అడుగు. మూడేళ్ళ సీనియర్లు ఇప్పుడేం చేస్తున్నారో వాళ్ళకే ఫోన్ చేసి కనుక్కో. చేరితే మాత్రం అన్నీ కొంచెం కొంచెం తెలిస్తే చాలనుకోకు. గ్రేట్‌బాచ్‌కి సర్క్యూట్లు వచ్చు, హౌన్స్‌ఫీల్డ్‌కి లెక్క వచ్చు. సర్క్యూట్లో, కోడో, పదార్థాలో, ఒక్కటి గట్టిగా పట్టుకో. అనుమానంగా ఉంటే ఈసీఈ చదివి ఎంటెక్‌లో బయోమెడికల్‌కి రావచ్చు, ఆ దారి మూసి లేదు. ఏ దారిలో వచ్చినా ఒక డాక్టర్ పక్కన నిలబడి ఆయన ఇబ్బంది వినాలి. చరిత్రలో అందరూ చేసింది అదే. నేను చెయ్యనిదీ అదే.

అంతా విని అడిగింది, "మరి నువ్వెందుకు వదిలేశావన్నయ్యా?"

అప్పు సంగతి చెప్పాను. అది రెండేళ్ళలో తీరిపోయింది కదా అంది. నిజమే. మిగతా ఐదేళ్ళకి నా దగ్గర కారణం లేదు, అలవాటు తప్ప. డిగ్రీ పనికిరాదని అందరికీ చెప్పుకు తిరిగాను గానీ, డిగ్రీని నేను వాడలేదన్న మాట ఎప్పుడూ అనలేదు.

మొదటి ఆప్షన్ బయోమెడికల్, ఆ తర్వాతవన్నీ ఈసీఈ పెట్టింది. సీటు ఎక్కడొస్తుందో ఇంకా తెలీదు. పిన్ని నాతో మాట్లాడ్డం లేదు. బాబాయ్ మాత్రం "ఒక్క ముక్కలో చెప్పమంటే రామాయణం చెప్పావు కదరా" అన్నాడు. నాయనమ్మ ఫోన్ తీసుకుని, "నా డబ్బాకి బ్యాటరీ పదేళ్ళన్నారు, రెండు అయిపోయాయి. ఈలోపు ఇది ఇంజనీరవుతుందా?" అంది.

నాలుగేళ్ళ కోర్సే, అవుతుంది నాయనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ 62304 గురించి చదవడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఇరవై పేజీలయ్యాయి.